టేబుల్ అజెండా

మునిసిపల్ ఎన్నికల మాట వినపడగానే ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరి పేర్లు బయటికొస్తాయి. పార్టీలవాళ్లవి కావు. డంపింగ్ యార్డు పొగ మీద, పొంగే డ్రైనేజీ మీద, చెరువు శిఖం కబ్జా మీద ఏళ్ల తరబడి అర్జీలు పెట్టి, సమాచార హక్కు దరఖాస్తులు వేసి, కమిషనర్ గది ముందు బెంచీ మీద గంటలకు గంటలు కూర్చున్నవాళ్లవి. ‘ఈసారి మీరే నిలబడండి సార్’ అని టీకొట్టు దగ్గర నలుగురూ అంటారు. ఆయన అటు తిరగ్గానే అదే నలుగురూ ‘మంచాయనే గానీ గెలవడులే’ అని తేల్చేస్తారు.

గెలవకపోవడానికి కారణాలు అందరికీ తెలిసినవే. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. మునిసిపాలిటీకి వచ్చేసరికి బీ-ఫారం ఉన్నవాడిదే రాజ్యం. పోలింగ్‌కు ముందు రెండు రాత్రుల ఖర్చు సంగతి సరేసరి. వాటికన్నా నన్ను తొలిచే ప్రశ్న వేరు. ఖర్మ కాలి గెలిచాడే అనుకుందాం, అప్పుడేం చేస్తాడు?

కౌన్సిలర్ చేతిలో ఏముందని? 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలు రాసిపెట్టారు. మంచినీళ్లు, రోడ్లు, పారిశుధ్యం, శ్మశానాలు, ఆఖరికి బందెలదొడ్లు కూడా అందులో ఉన్నాయి. చదివితే చిన్న ప్రభుత్వమే అనిపిస్తుంది. ఊళ్లోకొచ్చి చూస్తే ఫైలు కమిషనర్‌ది, పనుల ఎంపిక ఎమ్మెల్యేది, శిలాఫలకం మీద ఆఖరి వరసలో పేరు మాత్రం కౌన్సిలర్‌ది.

అయినా ఒక్కటి మాత్రం ఆయన దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేరు. కౌన్సిల్ సమావేశంలో కుర్చీ.

ఆ సమావేశం ఎలా జరుగుతుందో ఒకసారి చూడాలి. ముందే పంపిన అజెండాలో ఔట్‌సోర్సింగ్ కార్మికుల పొడిగింపు, బ్లీచింగ్ పౌడర్ కొనుగోలు, ట్రాక్టర్ టైర్లు, బోరు మోటార్ల రిపేర్లు, ఎప్పుడో అయిపోయిన పండగ తాలూకు షామియానా బిల్లు వరసగా ఉంటాయి. గుమస్తా గొంతెత్తి నంబరు చదువుతాడు. ముందు వరస నుంచి ‘ఆమోదం’ అని ఒక కేక. తర్వాతి నంబరు, మళ్లీ ఆమోదం. వెనక వరసలో ఒకరిద్దరు తమ వీధిలో లైటు వెలగట్లేదని లేస్తారు, చూస్తామంటే కూర్చుంటారు. మిక్చర్ ప్లేట్లు, టీ వచ్చే వేళకు టేబుల్ అజెండా దిగుతుంది. అప్పుడే జిరాక్స్ చేసి తెచ్చిన నాలుగు కాగితాలు. చదివే తీరిక ఎవరికీ ఉండదు. సిసలైన బిల్లు ఉండేది అక్కడే అని నా అనుమానం. లేకపోతే పది రోజుల ముందు పంపడానికి వచ్చిన ఇబ్బందేమిటి?

అర్జీల మనిషి అక్కరకొచ్చేది సరిగ్గా ఇక్కడే. ‘ఈ బోరుకు ఇదే మోటారు రిపేరని నిరుడే డబ్బు డ్రా చేశారు కదా’ అని అడగగలిగేది ఆయనొక్కడే. ఎందుకంటే సమాచార హక్కు కింద వచ్చిన ఆ జవాబు కాపీ ఆయన ఇంట్లో అట్టపెట్టెలో ఉంది. ఒక్క ఓటుతో బిల్లు ఆగదు, నిజమే. కానీ తన అసమ్మతిని మినిట్స్‌లో రాయించగలడు. రేపు ఆడిట్ వాళ్లు వచ్చినప్పుడు దాన్ని చూడకుండా పేజీ తిప్పడం కష్టం.

ఒక్క సీటుకు ఎంత ధర పలుకుతుందో 2021 మార్చిలో తాడిపత్రి చూపించింది. 36 వార్డుల్లో టీడీపీకి 18, వైసీపీకి 16, సీపీఐకి ఒకటి, ఇండిపెండెంటుకు ఒకటి. చైర్మన్ ఎన్నికలో ఎమ్మెల్యే, ఎంపీల ఎక్స్‌అఫీషియో ఓట్లు కూడా కలుస్తాయి కాబట్టి ఆ రెండు సీట్లే కీలకమయ్యాయి. చివరికి టీడీపీ నేత జేసీ ప్రభాకర్ రెడ్డి చైర్మన్ అయ్యారు. అదే ఎన్నికల్లో పులివెందుల, పుంగనూరు, మాచర్ల, పిడుగురాళ్లలో వార్డులన్నీ ఏకగ్రీవం. పోలింగే లేదు. అలాంటి సభలో నంబరు చదవడం కూడా దండగే.

అయితే క్యాంపు బస్సు ఎక్కి రిసార్టుకు వెళ్లొచ్చిన ఇండిపెండెంటు మనిషి మళ్లీ పాత మనిషిగా దిగుతాడా అన్నది అనుమానమే. చైర్మన్ ఎన్నిక నాడు అందరికీ బంధువే, మర్నాటి నుంచి ఎవరికీ కాడు. వార్డులో పని కావాలంటే అధికార పార్టీ కండువా తప్పదన్న మాట మొదలవుతుంది. ఆ మాటకు లొంగినవాళ్లందరూ దొంగలని నేననను. వార్డు జనమే వెళ్లి కండువా కప్పుకోమని ఒత్తిడి చేస్తారు.

ఇంకో సంగతి నాకు మింగుడుపడదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవి. వార్డు మహిళకు రిజర్వ్ కాగానే మన ఉద్యమకారుడు కూడా భార్య పేరున నామినేషన్ వేయించి, ఫ్లెక్సీలో తన బొమ్మే పెద్దది వేయించుకుంటాడు. నీళ్ల ట్యాంకరుకు అడ్డంగా ఆయన పక్కనే కూర్చున్న పొదుపు సంఘం లీడరు ఆయనకెందుకు గుర్తు రాదు? బిందెలతో మునిసిపల్ ఆఫీసు ముందు బైఠాయించింది ఆవిడ, పేపర్లో ఫొటో ఆయనది. ఆ వార్డుకు ఆవిడ నిలబడితే నా ఓటు ఆవిడకే.

ముంబైలో 2007లో జుహూ కాలనీవాసులు కలిసి అడాల్ఫ్ డిసౌజాను తమ అభ్యర్థిగా నిలబెట్టి కార్పొరేటర్‌ను చేసుకున్నారు. ముందు సంఘం, తర్వాత అభ్యర్థి. మన దగ్గర వరస తలకిందులు. తెలంగాణ 2019 మునిసిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు, ఒక్కో దాంట్లో 15 మంది ఉండాలి. యువతకు, మహిళలకు, వయోధికులకు, ప్రముఖులకు విడివిడిగా. మీ వార్డులో ఆ 60 మంది ఎవరో మీకు తెలుసా? కౌన్సిల్ సమావేశానికి రెండు రోజుల ముందు వాళ్లను కమ్యూనిటీ హాల్లో కూర్చోబెట్టి అజెండా పైకి చదివి వినిపించడానికి జీవో అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు.

ఈసారి కరపత్రం పట్టుకుని ఆయన మీ గుమ్మం ఎక్కితే సీసీ రోడ్డు సంగతి తర్వాత అడగొచ్చు. పోయిన కౌన్సిల్ సమావేశం మినిట్స్ కాపీ తీసుకున్నారా, టేబుల్ అజెండాలో ఏమేం పాస్ చేశారు అని అడగండి. పార్టీ అభ్యర్థి వచ్చినా ఇదే అడగండి.