కృతిపతి సరే, కృతికర్త యేడీ?

మన సాహిత్యంలో కృతికర్త వేరు, కృతిపతి వేరు. మనుచరిత్రకు కృతిపతి శ్రీకృష్ణదేవరాయలు, కర్త అల్లసాని పెద్దన. అంత సామ్రాజ్యం ఏలినవాడు కూడా ఆ కావ్యం తనదని చెప్పుకోలేదు. ఆశ్వాసాంత గద్యలో కవి తన పేరూ తండ్రి పేరూ చెప్పుకోవడం మన కావ్యమర్యాద. రాజాస్థానాలలో నిలిచిన ఈ మర్యాద ఇరవయ్యో శతాబ్దపు అచ్చు కాగితం మీద, వెండితెర మీద ఎందుకు తప్పింది? ఇదే నా ప్రశ్న.

చందమామనే తీసుకోండి. 1947 జూలైలో మద్రాసులో పుట్టిన ఈ పత్రిక స్థాపకులలో బి. నాగిరెడ్డిగారు మా కడప జిల్లా పొట్టిపాడువారు. ఆ సంగతి చెప్పుకొని మేము గర్వపడుతూనే ఉంటాము. సంపాదకుడుగా అచ్చయిన పేరు చక్రపాణిగారిది. కానీ 1952 నుండి 1980లో కన్నుమూసేవరకు ఆ పత్రిక వాక్యాన్ని తీర్చిదిద్దిన చెయ్యి కొడవటిగంటి కుటుంబరావుగారిది. ఆ 1952లోనే చేరి 2006 వరకు అక్కడే పనిచేసినవారు దాసరి సుబ్రహ్మణ్యంగారు. తోకచుక్క, మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, మాయాసరోవరం - పిల్లలకు నెలనెలా నిద్ర పట్టనీయని ఆ ధారావాహికలన్నీ ఆయనవే. అవి వెలువడిన నెలలలో ఏ పుటలోనూ ఆయన పేరు లేదు.

ఇందులో ఒక విచిత్రముంది. అవే పుటలలో బొమ్మల మూల 'చిత్రా' అని సంతకం ఉంటుంది. ముఖచిత్రాల మీద వడ్డాది పాపయ్యగారి 'వ.పా.' ఉంటుంది. శంకర్ గారి సంతకమూ ఉంటుంది. చిత్రకారుడికి తన బొమ్మలోనే ఇంత చోటు దొరికింది. కథకుడికి ఆ చోటు ఇంకొకరు ఇవ్వాలి, ఇవ్వలేదు. జయశీలుడూ సిద్ధసాధకుడూ మా వీధి పిల్లలందరికీ చుట్టాలే, వాళ్ళను కన్న తండ్రి ఎవరో మాత్రం ఒక్కరికీ తెలియదు.

దీనికి చెప్పే సమాధానాలు మూడు.

మొదటిది: పత్రికకంతటికీ ఒకే గొంతు ఉండాలి, పేర్లు వేస్తే అది చెదురుతుంది. మరి బొమ్మల కింద సంతకాలుంటే చెదరని గొంతు కథ కింద పేరుంటే చెదురుతుందా? బయటినుండి కథలు పంపినవారి పేర్లు అచ్చువేసినప్పుడు చెదరలేదే! ఇంట్లో వండిపెట్టినవారికే విస్తరి లేకపోవడం ఏమి న్యాయం?

రెండవది: వారు జీతగాళ్ళు, జీతం ముట్టింది. జీతం పనికి వెల, పేరుకు కాదు. మన 1957 కాపీరైటు చట్టమే ఈ తేడా చూపింది. ఉద్యోగి వ్రాసినదాన్ని పత్రికలో ప్రచురించుకొనే హక్కు యజమానికి చెందవచ్చు. కానీ ఆ చట్టంలోని 57వ సెక్షను ప్రకారం, హక్కులు ఇంకొకరికి రాసిచ్చిన తరువాత కూడా ఆ రచన తనదని చెప్పుకొనే హక్కు రచయితకు మిగిలే ఉంటుంది.

మూడవది: వారే అడగలేదు. ఈ మాట విన్నప్పుడు నాకు మరీ కష్టంగా ఉంటుంది. అడగనివాడి సౌజన్యాన్ని ఇవ్వనివాడి ఖాతాలో జమ వేయడం తగదు.

సినిమాలో ఈ రోగం ఇంకా ముదిరింది. మాయాబజార్ (1957) పాటలలో నాలుగింటికి బాణీలు కట్టి సాలూరి రాజేశ్వరరావుగారు తప్పుకున్నారు. మిగిలినవి ఘంటసాలగారు పూర్తిచేశారు. తెర మీద సంగీతమని కనిపించేది ఘంటసాలగారి పేరొక్కటే. ఘంటసాలగారి ప్రతిభను నేను శంకించడం లేదు. ఇద్దరి పేర్లు వేస్తే తెర చిరిగిపోయేదా అని అడుగుతున్నాను. నేడు 'కథ, మాటలు, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం' అని ఒకే పేరు పడుతుంటే, దాని వెనుక గదిలో కూర్చొని సంభాషణలు వ్రాసిన కుర్రవాళ్ళు ఎందరో మనకు తెలియదు. 2012 చట్టసవరణ పాటల రచయితకూ సంగీతకర్తకూ రాయల్టీలో వాటా నిలిపింది. మంచిదే. పేరే లేనివాడు ఏ వాటా అడుగుతాడు?

ఇది మన ఒక్కరి దోషం కాదు. అమెరికాలో 1939లో పుట్టిన బ్యాట్‌మన్ బొమ్మల కథలకు కర్తగా దశాబ్దాలపాటు బాబ్ కేన్ పేరొక్కటే వేశారు. ఆ పాత్రను తీర్చిన బిల్ ఫింగర్ 1974లో చనిపోతే, అధికారికంగా ఆయన పేరు చేరింది 2015లో. అదీ మనవరాలూ అభిమానులూ పోరాడితే.

మనకూ అంతే. 2010లో దాసరివారు పోయేనాటికి ఆయన పేరు కొందరికైనా తెలిసిందంటే, అది పాత సంచికలు వెదకి, ఆరాలు తీసి వ్రాసిన పాఠకుల పుణ్యం. తరువాత ఆ ధారావాహికలు ఆయన పేరుతోనే పుస్తకాలయ్యాయి. చందమామ ఆగిపోయింది గనుక ఇప్పుడా పత్రికను నిలదీయలేము. మిగిలిన బాధ్యత మనదే.

కవిపరిచయంలో కవి పేరు వ్రాయని పిల్లవాడికి మార్కు తగ్గించిన పంతులును నేను. ఆ కొలతే అందరికీ పెడుతున్నాను. పాత చందమామ పుట ఒకటి ఎక్కడైనా పెట్టేవారు 'చందమామ నుండి' అని ఊరుకోకండి. కథ దాసరి సుబ్రహ్మణ్యం, బొమ్మలు చిత్రా అని వ్రాయండి. పాట పెడితే వ్రాసినవారినీ, బాణీ కట్టినవారినీ, పాడినవారినీ చెప్పండి. ఒక్క పంక్తి పని. పెద్దనకు రాయలిచ్చినది మనం దాసరివారికి ఇవ్వలేమా?

విజ్ఞులు మీ అభిప్రాయాలు తెలుపగలరు. విభేదించేవారికి మరీ స్వాగతం.