కర్మాగారములు - ప్రజారక్షణము

2020వ సంవత్సరము మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణమునకు చేరువనున్న వెంకటాపుర వాసులు ఊపిరాడక నిద్రలేచిరి. ఎల్.జీ. పాలిమర్స్ కర్మాగారములో నిలువయుంచిన స్టైరీను ద్రవము ట్యాంకులో వేడెక్కి, ఆవిరియై, ప్రహరీ దాటి వీధులలో వ్యాపించినది. 12 మంది ప్రాణములు కోల్పోయిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. పశువులు కట్టుకొయ్యలకడనే కూలినవి. ఆ కర్మాగారమున అపాయసూచకమగు సైరను కలదు. దానిని మ్రోగించుటకు 36 చోట్ల ఏర్పాట్లు కలవు. అయినను సైరను మ్రోగలేదు. రాష్ట్రప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము 2020 జూలైలో సమర్పించిన నివేదికయందు ఈ సంగతిని వెల్లడించినది.

ఈ యొక్క సంగతి చాలును, మన పారిశ్రామిక రక్షణవ్యవస్థయొక్క జబ్బు ఎచ్చటనున్నదో తెలియుటకు. సాధనములు కొరవడలేదు, శాసనములును కొరవడలేదు. ఉన్న సాధనమును ఉపయోగించువాడు, ఉన్న శాసనమును నడిపించువాడు కొరవడిరి.

స్టైరీను స్వభావము శాస్త్రజ్ఞులకు క్రొత్తది కాదు. దాని అణువులు తమలో తాము గొలుసులుగా కూడుకొనుచుండును. కూడునప్పుడు వేడి పుట్టును. ఆ వేడి మరల ఆ కూడికను వేగిరపరచును. దీనిని అదుపునందుంచుటకు మార్గములు తెలిసినవే. ద్రవమును చల్లగా నుంచవలెను. నిరోధకద్రవ్యమును తగుపాళ్లలో చేర్చవలెను. అది అంతట వ్యాపించునట్లు కలియబెట్టుచుండవలెను. ఆ యేడు మార్చి నెలాఖరున దేశమంతట పనులు స్తంభించినపిమ్మట ట్యాంకులోని ద్రవము వారములతరబడి నిలిచిపోయినది. నిరోధకద్రవ్యము చాలినంత చేర్పబడలేదు. శీతలయంత్రమును రేయింబవళ్లు నడుపక సాయంకాలమున ఆపివేయుచుండిరి. 2019 డిసెంబరులో గొట్టములయందు చేసిన మార్పువలన ద్రవము చక్కగ కలియుట తగ్గినది. ఉష్ణమును కొలుచు సాధనము ట్యాంకు అడుగున మాత్రమే యుండెను, వేడెక్కినది పైభాగము. అడుగున చల్లగానున్నదని పుస్తకమున వ్రాసికొనుచుండగా పైన అగ్గి రాజుకొనుచుండెను. ఇంతియేకాదు, తాము చేయుచున్న ఉత్పత్తికి తగిన పర్యావరణానుమతి తమకు లేదని ఆ సంస్థయే 2019లో వ్రాతపూర్వకముగ ఒప్పుకొన్నది. ఒప్పుకొన్నపిమ్మటను పని సాగుచునేయుండెను.

ఇట్టి కథ మన దేశమున మొదటిది కాదు. 1984వ సంవత్సరము డిసెంబరు 2-3 తేదీల నడిమిరాత్రి భోపాలులో యూనియన్ కార్బైడు కర్మాగారమునుండి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసైనేటు వాయువు వెలువడి వేలకొలది జనులను బలిగొన్నది. అచ్చటను శీతలయంత్రము కలదు. కొన్ని నెలలకు పూర్వమే దానిని ఆపివేసిరి. వెలువడు వాయువును కాల్చివేయు గోపురము కలదు. దాని గొట్టము మరమ్మతుకై విడదీయబడియుండెను. భోపాలునకు విశాఖకు నడుమ 35 సంవత్సరములు గడచినను, రెండుచోట్లను శీతలయంత్రము నిలిపివేయబడుట యాదృచ్ఛికమని మేము భావింపజాలము. రక్షణయంత్రము సరకు తయారుచేయదు. విద్యుత్తును తినును, జీతమును తినును, లెక్కపుస్తకమున ఖర్చుగనే కనబడును. ఖర్చు తగ్గింపవలసి వచ్చినప్పుడు మొదట దానిపైననే కత్తి పడును. ప్రమాదము రాని ప్రతిదినమును ఆ పొదుపు తెలివియైనదని తోపింపజేయును. చట్టముయొక్క పని ఈ ప్రలోభమునకు అడ్డుకట్ట వేయుటయే.

భోపాలు పిమ్మట చట్టములు వచ్చినవి. 1986లో పర్యావరణ పరిరక్షణశాసనము వచ్చినది. ఢిల్లీలోని శ్రీరాం కర్మాగారమున 1985 డిసెంబరులో జరిగిన ఓలియం వాయుప్రమాదముపై, మరుసటి యేడు సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, అపాయకరమగు పరిశ్రమను నడుపువాడు తాను ఎంత జాగ్రత్త వహించితినని చెప్పుకొన్నను నష్టమునకు పూర్ణబాధ్యుడేయని నిర్ణయించినది. 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి, ఆపద పొంచియున్నదని తోచినచో హెచ్చరించు హక్కును కార్మికునకు ఒసగిరి. 1989 నాటి నిబంధనలు మరింత ముందునకు పోయినవి. కర్మాగారములోపల ఆపత్కాల ప్రణాళిక యుండవలెను. ఆరుమాసములకొకమారు దానిని ఆచరించి చూడవలెను. కర్మాగారము వెలుపలి జనులకై జిల్లా అధికారులు ప్రణాళిక సిద్ధపరుపవలెను. ఏటికొకమారైన దానిని పరీక్షింపవలెను. ప్రమాదము జరిగినచో ఎట్టి హాని కలుగునో, ఏమి చేయవలెనో చుట్టుపట్ల ప్రజలకు ముందుగనే తెలుపవలెను. ఇన్ని విధులు గ్రంథస్థములైయుండగా, స్టైరీనను పేరైనను వినని తల్లులు పసిబిడ్డలనెత్తుకొని చీకటిలో ఏ దిక్కునకు పరుగిడవలెనో తెలియక తల్లడిల్లిరి.

అటుపిమ్మటనైన కన్నులు తెరచితిమా? 2024 ఆగస్టు 21న అచ్యుతాపురమందలి ఔషధ కర్మాగారములో ద్రావకము కారి, ఆవిరియై, ప్రేలి 17 మంది మరణించిరి. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారములో జరిగిన ప్రేలుడుకు 40 మందికి పైగా ఆహుతియైరి. వారిలో అనేకులు పొట్ట చేతబట్టుకొని పరరాష్ట్రములనుండి వచ్చిన కూలివారు. 2025 నవంబరు 21నుండి ఫ్యాక్టరీల చట్టమునకు బదులుగా నూతన సంహిత అమలునకు వచ్చినది. అందు ఇన్‌స్పెక్టరు సహాయకుడుగ కూడ వ్యవహరింపవలెనని విధించిరి. సహాయము చేయుట మంచిదే. అయితే తనిఖీ చేయవలసిన కన్ను మొగమాటమున వాలిపోయినచో, కంచెయే చేను మేసినట్లగును.

నిబంధనలు బిగించినచో పరిశ్రమలు తరలిపోవునని, యువకులకు ఉద్యోగములు దొరకవని కొందరు వాదింతురు. మేము పరిశ్రమలకు విరోధులము కాము. దేశముయొక్క దారిద్ర్యము తొలగుటకు అవి అవసరములేయని మా దృఢవిశ్వాసము. కాని చెరువుక్రింద వ్యవసాయము చేయు ప్రతి రైతునకు ఒక సంగతి తెలియును. గట్టు ఒక్కరాత్రిలో తెగదు. ఎలుకబొక్కను పూడ్పక, అలుగును బాగుచేయక, కావలివానికి కూలి మిగుల్చుకొన్న ఏండ్ల ఫలము ఒక్కరాత్రిలో బయటపడును. గట్టు కాపాడుట వ్యవసాయమునకు విరోధమని ఏ రైతైనను అనునా? విపత్తు సంభవించిన కర్మాగారము మూతపడును. అందలి ఉద్యోగములును దానితోడనే పోవును.

కావున ప్రభుత్వమును మేము కోరునవి మూడు. అపాయకర కర్మాగారముల తనిఖీ నివేదికలను ఆయా గ్రామపంచాయతీలలో తెలుగున ప్రకటింపవలెను. శీతలయంత్రమునైనను, గొట్టమునైనను మార్చునప్పుడు, ఆపునప్పుడు దాని పర్యవసానమును నిపుణులు ముందుగ పరీక్షించి వ్రాతపూర్వకముగ అనుమతించిన గాని మార్పు జరుగరాదు. రాత్రిపని చేయు సామాన్య కార్మికునకైనను, కాంట్రాక్టు కూలికైనను, ఆపద తోచినంతనే యంత్రమును ఆపుటకు, సైరను మ్రోగించుటకు పూర్ణాధికారముండవలెను. అట్లు చేసినందులకు అతని జీతమునుండి ఒక్క రూపాయియు కోయరాదు.

మన పాఠకులకును ఒక విన్నపము. కర్మాగారములకు భూములిచ్చినవారు మీరు. వానిచుట్టును ఇండ్లు కట్టుకొన్నవారు మీరు. భూమి ధర యెంతయని విచారించిన శ్రద్ధతో, ఆ గోడ లోపల ఏ ద్రవ్యము ఎంత నిలువయున్నదో, వెలుపలి జనులకై సిద్ధపరచిన ప్రణాళిక యెక్కడనో, దానిని కడపటిమారు ఎప్పుడు పరీక్షించిరో విచారింపుడు. గ్రామసభలో తీర్మానము చేసి జిల్లా కలెక్టరును వ్రాతపూర్వకముగ అడుగుడు. సమాధానము రానిచో మరల అడుగుడు. ఇది ఎవ్వరియొద్దనో వేడుకొను భిక్ష కాదు, శాసనము మీకొసగిన హక్కు. ప్రజలు అడుగని హక్కును ఏ అధికారియు ఇల్లు వెదకికొని వచ్చి అప్పగింపడు.