ఇల్లు తాకట్టు పెట్టిన ఛాంపియన్

పోయిన వారం ఊరి నుంచి బాబాయ్ ఫోన్ చేశాడు. ఇంటర్ చదివే తమ్ముడు ఇంజినీరింగ్ వద్దు, బ్యాడ్మింటనే ఆడతానంటున్నాడట. "గోపీచంద్ మన జిల్లావాడేగా అంటున్నాడ్రా. పొలం తాకట్టు పెట్టయినా హైదరాబాద్‌లో చేర్చమంటున్నాడు. నువ్వే చెప్పాలి" అన్నాడు. బాబాయ్ మిరపకాయలు ఇంకా ఏసీలోనే ఉన్నాయి. కోల్డ్ స్టోరేజీని మేం ఏసీ అంటాం లెండి. రేటు వచ్చేదాకా అద్దె ఒకవైపు, వడ్డీ ఒకవైపు.

తమ్ముడు చెప్పింది నిజమే. పుల్లెల గోపీచంద్ పుట్టింది అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో. 1980లో ప్రకాశ్ పదుకొనే గెలిచిన ఆల్ ఇంగ్లండ్‌ని 2001లో మళ్లీ మనకి తెచ్చారు. కోలా ప్రకటన వస్తే వద్దన్నారు. ఆట నుంచి తప్పుకున్నాక అకాడమీ కోసం గచ్చిబౌలిలో ప్రభుత్వం ఐదెకరాలిచ్చింది. కట్టడానికి డబ్బేదీ? సొంతిల్లు తాకట్టు పెట్టారు. నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్లిచ్చారు. 2008లో అకాడమీ మొదలైంది. 2012లో సైనా కాంస్యం, 2016లో సింధు రజతం అక్కడి నుంచే వచ్చాయి.

అదే 2008లో బీజింగ్ ఒలింపిక్స్ రోయింగ్‌లో ఆరో స్థానంలో నిలిచిన అమెరికా కవలలు, వింకిల్‌వాస్ సోదరులు, తర్వాత బిట్‌కాయిన్ కొని కుబేరులయ్యారు. కాకపోతే ఫేస్‌బుక్ కేసు రాజీలో వచ్చిన సొమ్ము వాళ్ల చేతిలో ఉంది. పోయినా ఇల్లు పోదు. గోపీచంద్‌కి ఆ ధీమా లేదు. కానీ ఆయనకి తెలిసిన సరుకు ఒకటుంది, ఆట.

తమ్ముడు చూడనిది ఇక్కడే. ఆయన ఇల్లు తాకట్టు పెట్టింది ఛాంపియన్ అయ్యాక, అవకముందు కాదు. ఇంజినీరింగ్ పరీక్ష తప్పడం తన అదృష్టమనే ఆ మనిషే, స్తోమత లేని ఇళ్లవాళ్లు పిల్లల్ని ఆటల్లో పెట్టొద్దని 2025లో అన్నారు. చాలామందికి కోపమొచ్చింది. నాకైతే అప్పు చేసినవాడి మాటలాగే వినిపించింది.

రాత్రి తమ్ముడికి ఫోన్ చేశా. "ఆట మానొద్దు, ఈఏపీసెట్ రాయి. రెండేళ్లు గుంటూరులోనే కోచింగ్, ఫీజు నాది. రాష్ట్ర స్థాయిలో గెలువు, తర్వాత హైదరాబాద్ సంగతి చూద్దాం. పొలం జోలికి మాత్రం వెళ్లొద్దు" అన్నా.

కాసేపు మాట్లాడలేదు. "రెండేళ్లేనా అన్నయ్యా?" అన్నాడు.

నా సిప్‌లలో ఒకటి ఆపేశా. రాబడి ఎంతో ఏ యాప్‌లోనూ కనపడదు.