లెక్కకు అందిన పిల్లలు, అందని పిల్లలు

ఇంగ్లండు ప్రభుత్వము ఏటేటా జనవరిలో బడిపిల్లల లెక్క తీయుచున్నది. తోటివారితో సమానముగా చదువు సాగించుటకు ప్రత్యేక సహాయము కావలసిన పిల్లలు అందులో వేరుగా చూపబడుదురు. 2024 జనవరి నాటికి వారి సంఖ్య 16 లక్షలు దాటినది. నూటికి 13.6 మందికి పాఠశాలయే తన వనరులతో సహాయము చేయుచుండెను. అది చాలనివారికి, అనగా నూటికి 4.8 మందికి, 2014 నాటి చట్టము ననుసరించి స్థానిక ప్రభుత్వములు వ్యక్తిగత ప్రణాళికలు వ్రాసి యిచ్చినవి.

ఈ పిల్లలెవరు? పాఠశాల సహాయము పొందువారిలో నూటికి అరువదిమందికి పైగా, ప్రణాళికలు గలవారిలో డెబ్బదిమందికి పైగా మగపిల్లలే. బడిపిల్లలందరిలో ఉచిత భోజనమునకు అర్హులు నాల్గవ వంతు కాగా, పాఠశాల సహాయము పొందువారిలో మూడవ వంతుకు మించియున్నారు. పేదరికమునకు, చదువులోని ఇబ్బందికి గల చుట్టరికము ఇందు స్పష్టము.

అయితే ఈ లెక్కలలో పిల్లల స్థితియే గాక, వారిని చూచు కన్నుల స్థితియు కనిపించును. ఆ దేశమున ఒక తరగతిలో కూర్చుండువారు సెప్టెంబరు 1 మొదలు మరుసటి ఆగస్టు 31 వరకు పుట్టినవారు. సెప్టెంబరు బిడ్డకు, ఆగస్టు బిడ్డకు దాదాపు ఏడాది అంతరము. సహాయము అవసరమని గుర్తింపబడువారిలో చిన్నవారైన వేసవి బిడ్డలే ఎక్కువ. పుట్టిన నెల లోపము కాదు గదా! వయసు చాలకపోవుటను తెలివి చాలకపోవుటగా కొందరు తలచిరేమో యని సందేహింపక తప్పదు.

ఇట్టి పొరపాటునకు పూర్వచరిత్ర కలదు. లండనులో ఉపాధ్యాయుడుగా పనిచేసిన గ్రెనడా దేశీయుడు బెర్నార్డ్ కోర్డ్, వెస్టిండీసునుండి వచ్చిన కుటుంబముల పిల్లలను మందబుద్ధుల బడులకు విపరీతముగా పంపుచున్నారని 1971లో ఒక చిన్న పుస్తకము వ్రాసి కలకలము రేపెను. బిడ్డకు పేరు తగిలించుటకంటె బిడ్డ అవసరమును చూడుడని 1978లో వార్నాక్ సంఘము చెప్పినది. 1981 చట్టమునకు అదియే పునాది.

గుర్తింపు అతిగా సాగుట ఒక అన్యాయమైనచో, అసలే జరుగకుండుట రెండవ అన్యాయము. గుర్తింపు మిక్కిలి తక్కువగా గల వర్గములలో చైనీయులతోపాటు భారతీయ సంతతియు ఉన్నది. అందు తెలుగు బిడ్డలును కలరు. దీనిని చూచి వెంటనే గర్వపడనక్కరలేదు. వయసును, పేదరికమును పరిగణించి చూచినను, దక్షిణాసియా సంతతి పిల్లలలో ఆటిజము గుర్తింపు తక్కువగానే యున్నదని 2018లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు తెలిపిరి. ఆడపిల్లల విషయమును ఆలోచింపవలసినదే. అల్లరిచేయు బాలుడు ఉపాధ్యాయుని దృష్టిలో పడును. పుస్తకము తెరచుకొని, అక్షరము బోధపడక మౌనముగా కూర్చుండు బాలిక “బుద్ధిమంతురాలు” అనిపించుకొనును.

మన దేశమున 2016 నాటి చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించి, వానిలో ఆటిజమును, చదువుటలో వ్రాయుటలో ఏర్పడు ప్రత్యేకమైన ఇబ్బందులను చేర్చినది. కాని చట్టము తరగతి గదిలోనికి వచ్చి బిడ్డ ముఖము చూడజాలదు. ఆ పని ఉపాధ్యాయునిది. వెనుకబడిన బిడ్డను మందబుద్ధియని త్రోసివేయక, మాటాడని బిడ్డను మంచిబిడ్డయని మరచిపోక, ఎవరికి ఏమి కావలెనో కనిపెట్టిననే ఏ దేశపు లెక్కయైనను సత్యమునకు దగ్గరగును.