అక్కచెల్లెళ్లకు ఓ లేఖ

పదహారు వందల ఏళ్ల కిందటే ఓ క్రైస్తవ మహిళ పశ్చిమ ఐరోపా నుంచి బైబిలు పుణ్యస్థలాలు చూడ్డానికి బయల్దేరింది. పేరు ఎగేరియా. క్రీ.శ. 381-384 మధ్య సాగిన ఆ యాత్రలో సీనాయి కొండను కాలినడకనే ఎక్కింది. నిటారు దారి, కుర్చీలో మోయించుకునే వీల్లేదు మరి! వెళ్లిన ప్రతిచోటా ఆ స్థలానికి చెందిన బైబిలు భాగం చదివించుకుని ప్రార్థించేది. ఆ విశేషాలన్నీ స్వదేశంలోని 'అక్కచెల్లెళ్లకు' రాసింది. జెరూసలేంలో గుడ్‌ఫ్రైడేనాడు సిలువ మానును ముద్దాడుతూ ఎవరో ఓసారి ముక్క కొరికి పట్టుకుపోయారట. అప్పట్నుంచీ డీకన్లు చుట్టూ నిలబడి కాపలా కాసేవారట!

ఆ రాతప్రతి 1884లో ఇటలీలోని అరెజ్జోలో బయటపడింది. మొదటి పేజీలూ చివరి పేజీలూ లేవు. కాన్‌స్టాంటినోపుల్‌ చేరాననీ, ఎఫెసుకూ వెళ్లాలనుందనీ రాసిన ఎగేరియా... మళ్లీ ఆ అక్కచెల్లెళ్లను చూసిందో లేదో!