బొమ్మకు మెప్పు, చేతికి చిప్ప

2026 ఫిబ్రవరి 1న పార్లమెంటుకు సమర్పించిన కేంద్ర బడ్జెట్‌లో కామిక్స్‌కు కూడా చోటు దక్కింది. యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ - ఈ నాలుగింటినీ ఒక్క గాటన కట్టి, 15,000 మాధ్యమిక పాఠశాలల్లోనూ 500 కళాశాలల్లోనూ ప్రత్యేక ప్రయోగశాలలు నెలకొల్పుతామని ఆర్థికమంత్రి ప్రకటించారు. 2030 నాటికి ఈ రంగానికి 20 లక్షల మంది నిపుణులు కావలసి ఉంటుందట. సంతోషమే. ‘బొమ్మలు గీస్తే బువ్వ పుడుతుందా’ అని పిల్లలను కసిరే తల్లిదండ్రులకు సర్కారే జవాబు చెప్పినట్లయింది. ఐతే, ఆ నాలుగు పేర్లలో చిట్టచివరిదైన కామిక్స్‌నే నమ్ముకుని ఇప్పటికే గీస్తున్నవారికి బువ్వ ఎక్కడినుంచి పుడుతున్నదన్న ప్రశ్నకు మాత్రం ఆ ప్రసంగంలోనే కాదు, మన చట్టాల్లోనూ సరైన సమాధానం లేదు.

వీరిలో అధికులు నేడు పత్రికలకు గీయడం లేదు. ఇంటర్నెట్‌లో గీస్తున్నారు. నాలుగు గళ్ల బొమ్మల కథ రాత్రి పూర్తయితే తెల్లవారేసరికి వేలమంది చూస్తారు, నవ్వుకుంటారు, పదిమందికి పంపుతారు. సంపాదకుడి అనుమతి అక్కరలేదు, కాగితం ఖర్చు లేదు. పాఠకుడు చెల్లించేదీ ఏమీ లేదు. చిక్కంతా అక్కడే ఉంది. చూసినవారి సంఖ్యను బట్టి ప్రకటనల ఆదాయం వేదికను నడిపే కంపెనీకి పోతుంది. కళాకారుడి వంతుకు మెప్పు మిగులుతుంది. అందువల్ల పగలు ఏ ప్రకటనల సంస్థలోనో, సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో ఉద్యోగం, రాత్రి సొంత కథ - ఇదీ బెంగళూరు, ముంబయి, ఢిల్లీ, హైదరాబాద్ నగరాల్లో తరచు కనిపించే జీవితం. పేరు వచ్చాక ఏదో సబ్బుల కంపెనీ తన సరుకును కథలో ఇరికించమని కబురు పెడుతుంది. ఆ డబ్బే ఇంటి అద్దెకు ఆధారమవుతుంది. సబ్బు కథలో ఇమడకపోతే అద్దెకు గండి.

పాతకాలం స్వర్ణయుగమని చెప్పడం మా ఉద్దేశం కాదు. 1947 జులైలో మద్రాసులో మొదలైన చందమామ తన చిత్రకారులకు నెలజీతాలిచ్చి పోషించింది. విక్రమ బేతాళుల బొమ్మతో ఇంటింటికీ పరిచితుడైన శంకర్ సుమారు ఆరు దశాబ్దాలు ఆ పత్రికకే గీశారు. జీతం నిలకడగా ఉండేది, కానీ బొమ్మ మీద హక్కు యాజమాన్యానిది. చాచా చౌదరిని సృష్టించిన ప్రాణ్ వలె తన పాత్రతోపాటు తన పేరునూ జనం నోట నిలుపుకున్నవారు అరుదు. ఇంద్రజాల్ కామిక్స్ 1990లో ఆగిపోయింది. చందమామ 2013 తరువాత కనబడలేదు. దినపత్రికల్లో బొమ్మల కథలకు కేటాయించే స్థలం కుదించుకుపోయింది. అలా తలుపులు మూసుకుంటున్న కాలంలోనే ఇంటర్నెట్ కిటికీ తెరుచుకుంది. నాగపూర్‌లో దంతవైద్యం చదివిన రోహన్ చక్రవర్తి 2010లో ‘గ్రీన్ హ్యూమర్’ పేరిట అడవి జంతువుల హాస్యకథలు గీయడం మొదలుపెట్టి, అమెరికాలోని ప్రఖ్యాత కామిక్స్ పంపిణీ సంస్థ జాబితాకెక్కిన తొలి భారతీయుడయ్యారు. ఏ మామూలు పత్రిక ఆ రోజుల్లో ఆ అవకాశం ఇచ్చి ఉండేది? అయితే ఆయనకూ ఆదాయం పత్రికా శీర్షికలు, పుస్తకాలు, అడిగించుకుని గీసే వన్యప్రాణి పటాల వంటి పలు దారుల్లో రావలసిందే.

ఇటువంటివారిని నిలబెడుతున్నది వారిలో వారు కల్పించుకున్న చిన్న చిన్న సమూహాలేనని ఒప్పుకోవాలి. 2011లో ఢిల్లీలో మొదలైన కామిక్ కాన్ 2013లో హైదరాబాద్‌కూ వచ్చింది. ఆ సంస్థను 2024లో ఒక గేమింగ్ కంపెనీ కొనుగోలు చేసింది. అక్కడ జనసందోహానికి లోటు లేదు. కానీ ఆ జనం అమెరికా, జపాను వీరుల వేషాలు కట్టి, వారి బొమ్మలున్న టీ-షర్టులు కొని వెళ్తారు. మూలన బల్ల వేసుకున్న స్థానిక కళాకారుడి దగ్గర స్టిక్కర్లు అమ్ముడవుతాయి, పుస్తకం వెనక్కి తిరిగివస్తుంది. దీనికి విసిగినవారు 2017లో ఇండీ కామిక్స్ ఫెస్ట్ పేరుతో వేరు సంత పెట్టుకున్నారు. తామే గీసి, అచ్చువేసుకుని, మధ్యలో దళారీ లేకుండా పాఠకుడి చేతికిచ్చే ఏర్పాటది. ఒక రోజు అమ్మకం అచ్చు ఖర్చుకు సరిపోతే గొప్ప. అయినా పారితోషికం ఎగ్గొట్టే సంస్థ ఏదో, ఒప్పందంలో ఏ వాక్యం దగ్గర జాగ్రత్తపడాలో కొత్తవారు పాతవారినుంచి తెలుసుకునేది ఇటువంటి చోటనే. కార్మిక సంఘం చేయవలసిన పని బల్లల మధ్య కబుర్లతో సాగుతోంది.

నెలకు యాభయ్యో వందో పంపగల అభిమానులు లేరా అంటే, ఉన్నారు. విదేశీ చందా వేదికల ద్వారా కొందరు పంపుతూనే ఉండేవారు. ఖాతాదారుల రక్షణ కోసం రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి, నెలనెలా దానంతటదే జరిగిపోయే కార్డు చెల్లింపులకు ముందస్తు నమోదు, ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. నిబంధన మంచిదే. కానీ విదేశీ వేదికలు చాలావరకు అందుకు సిద్ధంగా లేకపోవడంతో ఆ చిన్న చందాలు చడీచప్పుడు లేకుండా ఆగిపోయాయి.

ఇక చట్టం మాటకొస్తే, 1957 నాటి కాపీరైట్ చట్టం కాగితం కోసం రాసినది. 1994లో దానికి 53-ఏ సెక్షన్ చేర్చారు: అసలు చిత్రం పదివేల రూపాయలు మించిన ధరకు మారు అమ్మకమైతే చిత్రకారుడికి వాటా ఇవ్వాలి. కంప్యూటర్‌లో పుట్టి కంప్యూటర్‌లోనే వ్యాపించే బొమ్మకు అసలేది, నకలేది? 2012 సవరణలో సినిమా పాట రాసినవారికి, స్వరపరిచినవారికి వదులుకోవడానికి వీల్లేని రాయల్టీ హక్కు దక్కింది. పోరాడి సాధించుకున్నారు, న్యాయమే. కానీ ఒక వెబ్ కామిక్‌ను సినిమాగానో, సీరియల్‌గానో తీస్తే బొమ్మ గీసినవాడికి అటువంటి హక్కు లేదు. ఒప్పందంలో రాసుకున్నదే దక్కుతుంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలని, గడువు రాయకపోతే ఐదేళ్లుగానే భావించాలని 19వ సెక్షన్ చెబుతున్నది నిజమే. పాతికేళ్ల కుర్రవాడికి మొదటి అవకాశం ఇస్తూ కంపెనీ ముందుపెట్టే పత్రంలో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అన్న మాటలుంటే ఆ సెక్షన్ ఏం కాపాడుతుంది?

2025 మార్చిలో మన రాజకీయ నాయకులు సైతం జపాను గిబ్లీ స్టూడియో తరహాలో కృత్రిమ మేధ గీసిన తమ బొమ్మలు చూసుకుని మురిసిపోయారు. ఆ యంత్రాలు నేర్చుకున్నది ఇంటర్నెట్‌లో ఉన్న కోట్లాది చిత్రాలనుంచే. అదే ఏడాది డిసెంబరులో కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ వెలువరించిన కార్యపత్రం, కృత్రిమ మేధ కంపెనీలు ఇటువంటి వినియోగానికి రాయల్టీ చెల్లించాలని ప్రతిపాదించింది. స్వాగతించదగిన ఆలోచన. ఐతే, వసూలైన సొమ్మును సంఘాల ద్వారా పంచాలంటే సంఘమంటూ ఉండాలి కదా! పాటల రచయితలకు ఉంది. బొమ్మల కథలవారికి ఉన్నది ఆ బల్లలే.

మరొక అవకాశం 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో ఉంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన ఈ స్మృతి ప్రకారం ఆన్‌లైన్ వేదికలు నడిపే కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో ఒకటినుంచి రెండు శాతం వరకు కార్మికుల సంక్షేమానికి జమచేయాలి. ఏడవ షెడ్యూలులో టాక్సీలు, ఆహార సరఫరాల సరసన ‘కంటెంట్, మీడియా సేవలు’ కూడా చేర్చారు. కానీ ‘వేదిక పని’ అనడానికి చెల్లింపుకు బదులుగా జరిగే పని కావాలని నిర్వచనం. బిర్యానీ మోసేవాడికి కంపెనీ ఎంతో కొంత చెల్లిస్తుంది గనుక అతను కార్మికుడు. బొమ్మ గీసినవాడికి పైసా ఇవ్వకుండా ఆ బొమ్మ పక్కనే ప్రకటన అమ్ముకుంటుంది గనుక అతను కార్మికుడు కాడు! ఇవ్వని కూలే మినహాయింపుకు కారణం కావడం విడ్డూరం.

జీతం ఇచ్చే యాజమాన్యం లేకపోవడమంటే ఆపదలో అడ్డం నిలిచే యాజమాన్యమూ లేకపోవడమే. 2014 నుంచి ‘శానిటరీ ప్యానెల్స్’ గీస్తున్న రచితా తనేజా మీద కోర్టు ధిక్కార చర్యకు 2020 డిసెంబరులో అటార్నీ జనరల్ సమ్మతించారు. సుప్రీంకోర్టు నోటీసు జారీచేసింది. 2024లో ఆమెకు జెనీవాలో అంతర్జాతీయ పురస్కారం లభించింది. 2025 ఫిబ్రవరిలో ఒక కార్టూన్ వల్ల తమిళ పత్రిక వికటన్ వెబ్‌సైటు మొత్తాన్నే మూసివేశారు. వికటన్‌కు శతాబ్దం నాటి పేరుంది, న్యాయవాదులున్నారు. మార్చిలో మద్రాసు హైకోర్టుకు వెళ్లి, ఆ ఒక్క పుటను తొలగించే షరతుమీద సైటు తెరిపించుకోగలిగింది. ఒంటరి కళాకారుడికి ఆ అండ ఎక్కడిది? పొరుగున బంగ్లాదేశ్‌లో 2020 మేలో కరోనా రోజుల మీద గీసిన బొమ్మలు ఫేస్‌బుక్‌లో పెట్టినందుకు అహ్మద్ కబీర్ కిశోర్‌ను డిజిటల్ భద్రతా చట్టం కింద నిర్బంధించారు. అదే కేసులో పట్టుబడిన రచయిత ముష్తాక్ అహ్మద్ 2021 ఫిబ్రవరిలో జైలులోనే మరణించాక గాని కిశోర్‌కు బెయిలు రాలేదు.

వెబ్ కామిక్స్‌ను పరిశ్రమగా ఎదిగించిన దక్షిణ కొరియా వైపు మన అధికారులు తరచు వేలు చూపుతారు. అక్కడి పెట్టుబడితో 2019లో క్రాస్ కామిక్స్ మన దేశానికి వచ్చి హిందీ, ఆంగ్లాలతోపాటు తెలుగులోనూ కథలు అందించింది. అవి చాలావరకు కొరియా కథల అనువాదాలే. సంస్థా ఎంతోకాలం నిలవలేదు. మనం దిగుమతి చేసుకోవలసింది కథలను కాదు. కొరియాలో 2020 డిసెంబరు నుంచి స్వతంత్ర కళాకారులకూ ఉద్యోగ బీమా వర్తిస్తోంది. కామిక్స్ ఒప్పందాలకు సాంస్కృతిక శాఖ నమూనా పత్రాలు ప్రచురిస్తుంది. అక్కడా అన్యాయాలు లేకపోలేదు. 2023 మార్చిలో తన పాత్రల హక్కులకోసం కోర్టులో పోరాడుతూనే లీ వూ-యంగ్ అనే చిత్రకారుడు కన్నుమూశాడు. ఐతే ఆ ప్రభుత్వం విచారణ జరిపి, ప్రచురణ సంస్థకు దిద్దుబాటు ఉత్తర్వులిచ్చింది.

ప్రయోగశాలలకు కంప్యూటర్లు కొనేలోగా మన సమాచార ప్రసార శాఖ చేయగల పని ఒకటుంది. ప్రభుత్వ శాఖలు టీకాలకు, ఓటు హక్కుకు, నీటి పొదుపుకు బొమ్మలు గీయించుకుంటూనే ఉంటాయి. ఆ పనులన్నిటికీ వర్తించేలా ఒక నమూనా ఒప్పందం తయారుచేసి, తామే మొదట పాటించవచ్చు. పారితోషికం ఎంత, ఏ తేదీలోగా చెల్లించాలి, బొమ్మను ఎక్కడెక్కడ ఎన్నాళ్లు వాడుకోవచ్చు, కృత్రిమ మేధకు మేపవచ్చునా, గీసినవారి పేరు ఎక్కడ వేయాలి - ఇంతే. రెండు పేజీలకు మించదు.