ఆపమనే హక్కు కూలీకి ఉండాలి

2004 ఏప్రిల్ 20. సింగపూర్‌లో నికోల్ హైవే పక్కన మెట్రో సొరంగం కోసం దాదాపు 30 మీటర్ల లోతున గొయ్యి తవ్వుతున్నారు. పొద్దున తొమ్మిది గంటల ప్రాంతంలోనే లోపలున్నవాళ్లకు ధబ్బుధబ్బుమని చప్పుళ్లు వినబడ్డాయి. గోతి గోడలు ఒరిగిపోకుండా అడ్డంగా పెట్టిన ఉక్కు దూలాల అతుకులు వంగిపోతున్నాయి. ఏదోలా నిలబెడదామని చూశారు. మధ్యాహ్నం మూడున్నరకు గోడలు లోపలికి కూలాయి, హైవే కుంగిపోయింది. నలుగురు చనిపోయారు. తన కింద పనిచేసేవాళ్లను పైకి పంపించిన ఫోర్‌మన్ హెంగ్ యావ్ పియావ్ మాత్రం బయటపడలేకపోయాడు.

ఆ గోతిలో ఇంజనీర్లున్నారు, కొలత పరికరాలున్నాయి, హెల్మెట్లూ ఉన్నాయి. ప్రమాదం గంటల ముందే చప్పుడు చేసి మరీ చెప్పింది. ‘పని ఆపండి, అందరూ పైకి రండి’ అన్న మాటే వేళకు రాలేదు. డిజైన్ తప్పులతో పాటు, వరసగా వచ్చిన హెచ్చరికలను పట్టించుకోకపోవడం కూడా కారణమని విచారణ సంఘం 2005లో తేల్చింది.

బెంగళూరు కె.ఆర్.పురంలో ఉండేవాళ్లం మనమూ ఏళ్లుగా మెట్రో పనుల మధ్యే తిరుగుతున్నాం. వైట్‌ఫీల్డ్ వైపు రైలు 2023 మార్చిలో మొదలైంది, అక్టోబరులో బైయప్పనహళ్లితో కలిసింది. సిల్క్ బోర్డు వైపు, విమానాశ్రయం వైపు పనులు ఆ తర్వాతా సాగాయి. ఆ విమానాశ్రయం లైనులోనే 2023 జనవరి 10న నాగవార దగ్గర పిల్లరు కోసం నిలబెట్టిన ఇనుప కడ్డీల బోను రోడ్డు మీద పడి, బండి మీద వెళ్తున్న తల్లీ, పసివాడూ చనిపోయారు. 2025 ఏప్రిల్‌లో కోగిలు క్రాస్ దగ్గర ట్రైలర్ మీద తీసుకెళ్తున్న గర్డర్ పడి ఆటో డ్రైవర్ ప్రాణం పోయింది. మధ్యలో, 2024 అక్టోబరు వానల్లో, బాబుసాబ్‌పాళ్యలో అనుమతికి మించి కడుతున్న భవనం కూలి కూలీలు శిథిలాల కింద పోయారు. ప్రతిసారీ కేసు పెట్టారు, పరిహారం ప్రకటించారు. మర్నాడు సైటుకొచ్చే కొత్త కూలీకి ఏం నేర్పాలన్నది మాత్రం ఎప్పుడూ పెద్ద ప్రశ్న కాలేదు.

సింగపూర్‌కు 2004 ఏప్రిల్, మే నెలల్లో మూడు పెద్ద ప్రమాదాలు ఎదురయ్యాయి, 13 మంది పోయారు. దాంతో 2006 మార్చి 1 నుంచి పనిచోట భద్రతకు కొత్త చట్టం తెచ్చారు. ప్రమాదాన్ని ఎవరి పని పుట్టిస్తుందో వాళ్లే దాన్ని ముందుగా అంచనా వేసి తగ్గించాలన్నది దాని మూలసూత్రం. అక్కడ నిర్మాణ పనికి వెళ్లే విదేశీ కార్మికుడు మొదట భద్రతా కోర్సుకు పోవాలి, పరీక్ష పాసవ్వాలి. పాసవ్వకపోతే వర్క్ పర్మిట్ నిలవదు. తమిళం, బెంగాలీ వంటి భాషల్లో కూడా పాఠం చెబుతారు. క్రేన్ నడిపేవాడికి, బరువు కట్టే రిగ్గర్‌కు, సైగలిచ్చే సిగ్నల్‌మ్యాన్‌కు, పై నుంచి చూసే సూపర్‌వైజర్‌కు విడివిడిగా శిక్షణ ఉంటుంది. 2004లో అక్కడ లక్షమంది కార్మికులకు 4.9 మంది పనిలో చనిపోయేవారు. 2023లో ఆ లెక్క ఒకటి లోపుకు దిగింది.

మన రోడ్ల పక్కన హైడ్రా క్రేన్ పనిచేస్తుంటే ఒకసారి నిలబడి చూడండి. కడ్డీల కట్టను ఒకే తాడుతో నడుమ కట్టి లేపుతారు. అది ఊగకుండా ఒక కుర్రాడు చేత్తో పట్టుకుని పక్కనే నడుస్తాడు. ముగ్గురు మూడు వైపుల నుంచి ‘రానీ, రానీ’ అని కేకలేస్తుంటారు. నేర్చుకున్నవాళ్లయితే రెండుచోట్ల కడతారు. బరువును చేత్తో ముట్టుకోకుండా దూరం నుంచి తాడుతో అదుపు చేస్తారు. సైగ ఒక్కరే ఇస్తారు. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది: ‘ఆపు’ అన్న సైగ ఎవరిచ్చినా, అప్పుడే పనిలో చేరిన కుర్రాడిచ్చినా, ఆపరేటర్ తక్షణం ఆపాల్సిందే. భద్రతా శిక్షణ సారమంతా నాకు ఈ మినహాయింపులోనే కనిపిస్తుంది.

అయితే ఆపాలని తెలియాలంటే పాఠం అర్థమవ్వాలి. పాలమూరు నుంచి, అనంతపురం నుంచి, రాయచూరు నుంచి వచ్చిన కూలీలకు పొద్దున్నే హిందీలో పది నిమిషాలు చెప్పి, రిజిస్టరులో వేలిముద్ర వేయించుకుంటే కాగితం మీద శిక్షణ పూర్తయినట్టే. ఏ అంచు దగ్గర నిలబడకూడదో తెలియకుండానే కూలీ పనిలోకి దిగుతాడు.

సింగపూర్‌లో అన్నీ చక్కబడలేదు. 2022లో 46 మంది పనిలో చనిపోయారు. దాంతో ఘోర ప్రమాదం జరిగితే కంపెనీ పెద్దే స్వయంగా వచ్చి ప్రభుత్వానికి సంజాయిషీ ఇవ్వాలని నిబంధన పెట్టారు. పర్మిట్ యజమాని చేతిలో ఉన్నందువల్ల గొంతు విప్పడానికి భయపడే కార్మికులు అక్కడా ఉన్నారు. ఎంత బాగా నేర్పినా, ఆపమన్నవాడి ఉద్యోగానికి భరోసా లేకపోతే ఆ చదువు అక్కరకు రాదు.

మనకు డబ్బు లేక కాదు. 1996 చట్టం వచ్చినప్పటి నుంచి నిర్మాణ ఖర్చులో కనీసం 1 శాతం సెస్సు కార్మిక సంక్షేమానికి వసూలవుతోంది. అది ఖర్చు కాకుండా మూలుగుతోందని సుప్రీంకోర్టు 2018లో గట్టిగానే తప్పుపట్టింది. కూలీ శిక్షణకు ఎందుకు రాడంటే, ఆ రోజు కూలి పోతుంది. ఆ రోజు కూలిని సెస్సు నిధి నుంచే ఇవ్వాలి. నిర్మాణ పనులు నేర్పడానికి 1998లో హైదరాబాద్‌లో పెట్టిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ వంటి సంస్థలు తెలుగు పాఠాలు ఇవ్వగలవు. చిన్న సైట్లలో నేర్పేవాడూ నడిపేవాడూ మేస్త్రీయే కాబట్టి మొదటి పరీక్ష మేస్త్రీకి పెట్టాలి. ఇల్లు కట్టించుకునేవాళ్లం సిమెంటు ఏ బ్రాండని అడుగుతాం కదా, పరంజా ఎవరు చూశారని, పని ఆపమనే అధికారం ఎవరికుందని కూడా అడగాలి. ‘అందరికీ ఉంది’ అని మేస్త్రీ చెప్పగలిగితేనే అడ్వాన్సు ఇవ్వాలి.